ముగ్గురు ప్రిన్సిపాళ్లు, ఒక రింగు

సోమవారం

ఎర్రమిట్ట ప్రభుత్వ డిగ్రీ కళాశాల, అంగారక గ్రహం. రోజువారీ నివేదిక. రాస్తున్నది రొంగలి సుభాషిణి, ఫిజిక్స్ లెక్చరర్, ప్రస్తుతం ఎఫ్‌ఏసీ ప్రిన్సిపాల్. ఎఫ్‌ఏసీ అంటే పూర్తి అదనపు బాధ్యతలు. పూర్తి అనే మాట పేరులోనే ఉంది. జీతాల బిల్లులు, సెలవులు, గదుల కేటాయింపు, చాక్‌పీసులు మాత్రం నా చేతిలో ఉంటాయి. మిగతా వాటికి అసలు ప్రిన్సిపాల్ కావాలి.

ఈ నివేదిక రోజూ భూమ్మీద కమిషనరేట్‌కి వెళ్తుంది. దాన్ని అక్కడెవరూ చదవరు. పోయిన నెల ఒకరోజు నివేదిక బదులు సెకండియర్ పిల్లలకు చెప్పే ఉష్ణగతి శాస్త్రం పాఠం పంపాను. "అందినది. సంతృప్తికరం" అని జవాబొచ్చింది. అందుకే ఇకమీదట ఉన్నది ఉన్నట్టు రాయాలని నిర్ణయించుకున్నాను.

ఇవాళ్టి విషయం అన్నం. గర్ల్స్ హాస్టల్ మెస్‌లో పొద్దున వండే అన్నం మళ్లీ పలుకుగా ఉంది. పిల్లలు కంచాలు పట్టుకుని నా గది ముందుకొచ్చి నిలబడ్డారు. వంటమనిషి సన్యాసమ్మ వాళ్ల వెనకాలే వచ్చింది.

"నానేటి సేసేది మేడమ్మా," అంది. "ఎసరు మరుగుతంది, పొంగుతంది. బియ్యం మాత్రం మెత్తబడట్లేదు. అందరూ నా సేతులకేదో అయిపోనట్టు సూత్తన్నారు."

"నీ చేతులకేం కాలేదు. తప్పు డోమ్‌ది," అన్నాను.

హాస్టల్ డోమ్ అడుగున, నేలకూ గాజుకూ మధ్య, చుట్టూతా ఒక రబ్బరు రింగు ఉంటుంది. కుక్కర్ మూతకి ఉండే గాస్కెట్ లాంటిదే, కాకపోతే పెద్దది. అది పాతబడి బిగుసుకుపోయింది. తెల్లవారుజామున బయట చలి ముదిరేసరికి కుంచించుకుపోతుంది, లోపలి గాలి బయటికి పోతుంది. గాలి ఒత్తిడి తగ్గితే నీళ్లు తొందరగా మరిగిపోతాయి. మరిగినట్టే కనిపిస్తాయి గానీ బియ్యం ఉడికేంత వేడి వాటికి ఉండదు. ఎండ ఎక్కాక రింగు మళ్లీ సాగుతుంది, పంపులు గాలి నింపుతాయి, మధ్యాహ్నం అన్నం బాగానే ఉడుకుతుంది. అందుకే అందరికీ ఇది వంటమనిషి బద్ధకంలాగా కనిపిస్తోంది.

కొత్త రింగు ఊరి స్టోర్స్‌లో ఉంది. నేను చూశాను. ఉండచుట్టి గోడకు తగిలించి పెట్టారు. తేవడానికే ప్రిన్సిపాల్ లేరు.

మంగళవారం

ప్రిన్సిపాల్ లేరని రాయడం తప్పే. ముగ్గురున్నారు. ముగ్గురూ గెస్ట్ హౌస్‌లో ఉన్నారు.

ఇది ఎలా జరిగిందో రాస్తాను. ఇక్కడికి ప్రిన్సిపాల్‌ని భూమ్మీద "యోగ్యత" అనే యంత్రం ఎంపిక చేస్తుంది. దేనికి ఎన్ని మార్కులు వేయాలో దానికి ప్రభుత్వం చెబుతుంది. ఎంపికైన మనిషి ఓడెక్కి ఇక్కడికి రావడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఆయన్ని తీసేసే ఉత్తర్వు రావడానికి పావుగంట చాలు. ఈ రెండింటికీ మధ్యలో మా కాలేజీ నలిగిపోతోంది.

ముందు సోమయాజులు గారు వచ్చారు. అప్పుడు యంత్రం సీనియారిటీ చూసేది. ఆయన దారిలో ఉండగానే మంత్రి మారాడు, సీనియారిటీ పోయి పరిశోధన పత్రాలు వచ్చాయి. సోమయాజులు గారు ఇక్కడ దిగి, పూలదండ వేయించుకుని, కుర్చీ తూర్పుకి తిప్పించి కూర్చునేసరికి తీసేసిన ఉత్తర్వు టేబుల్ మీద ఉంది. ఆయన కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. తర్వాత జీవరత్నం మేడం దిగారు. ఆవిడవి పరిశోధన పత్రాలు బోలెడు. అప్పటికి పత్రాలు పోయి నాయకత్వ లక్షణాలు వచ్చాయి. ఆవిడా స్టే తెచ్చుకున్నారు. ఆ తర్వాత నాయకత్వ లక్షణాలతో ఖాదర్ బాషా గారు దిగారు. అప్పటికి ఆ నాయకత్వాన్ని కొలిచే పద్ధతే తప్పని ఇంకో ఉత్తర్వు వచ్చింది. మూడో స్టే.

తిరుగు ఓడ రెండేళ్లకోసారి గానీ ఉండదు. ఈ ముగ్గురిలో ప్రిన్సిపాల్ ఎవరో తేలేదాకా రోజువారీ పనులు సుభాషిణి చూసుకోవాలని కోర్టు చెప్పింది. తేలడం లేదు.

రింగు ఫైలు ముగ్గురి దగ్గరికీ వెళ్లింది. సోమయాజులు గారు "చర్చించండి" అని రాశారు. చర్చించేలోగా ఆయన కుర్చీ పోయింది. జీవరత్నం మేడం, "పాత ప్రిన్సిపాల్ గారి ఫైలు నేను చూడను, కొత్తగా పెట్టండి" అన్నారు. కొత్తగా పెట్టేలోగా ఆవిడ కుర్చీ పోయింది. బాషా గారు, "రింగు పగిలిందా, పగలబోతోందా? స్పష్టత ఇవ్వండి" అని రాశారు. స్పష్టత ఇచ్చాను. అది తీసుకోవడానికి ఆయన సీట్లో లేరు.

ముగ్గురూ చెడ్డవాళ్లు కారు. సోమయాజులు గారి ఎకనామిక్స్ పాఠం గుమ్మం బయట నిలబడి విన్నాను, అంత బాగా చెబుతారు. కానీ ఎవరికీ ఇది తమ కాలేజీ అనిపించేంత కాలం ఇక్కడ గడవలేదు. ఓడ దిగినప్పటి నుంచి వాళ్ల కళ్లు భూమి నుంచి వచ్చే ఉత్తర్వుల మీదే ఉన్నాయి. కాళ్ల కింద నేల సంగతి వాళ్లకి పట్టలేదు.

నన్నెందుకు ప్రిన్సిపాల్ చేయలేదని మీకు అనుమానం రావచ్చు. నేనూ దరఖాస్తు పెట్టాను. "అభ్యర్థి ఇదే కళాశాలలో చాలాకాలంగా పనిచేస్తున్నారు, కావున నిష్పాక్షికంగా ఉండలేరు" అని యోగ్యత తిప్పి పంపింది. అది చదివిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే మళ్లీ మండుతోంది.

బుధవారం

స్టోర్స్‌కి వెళ్లాను. అక్కడ తవిటినాయుడు అధికారి. నిజాయితీపరుడు, అదే మా ఖర్మ. అతని కౌంటర్ మీద ఒక గాజు పలక ఉంటుంది. అధికారం ఉన్నవాళ్లు దాని మీద అరచెయ్యి పెడితే తలుపు తెరుచుకుంటుంది.

నేను చెయ్యి పెట్టాను. "ఎఫ్‌ఏసీ. నిత్య వ్యవహారాలు మాత్రమే" అంది పలక.

"నాయుడు గారూ, పిల్లలు పొద్దున లేచేసరికి చెవులు పోట్లంటున్నారు. ఇది నిత్య వ్యవహారం కాదంటారా?"

"నాకు తెలవదేటి మేడం," అన్నాడు. "మా మేనగోడలు మీ ఆస్టల్లోనే ఉంది. రింగు మూలధనం పద్దులో ఉండిపోనాది, దానికి ప్రిన్సిపాల్ చెయ్యే పడాల. చాక్‌పీసులైతే ఇప్పుడే ఇచ్చేద్దును."

"మా ముగ్గురు ప్రిన్సిపాళ్లలో ఎవరినైనా తీసుకొస్తే?"

"మొన్న బాషా గారు వేరే సామానుకొచ్చి చెయ్యెట్టినారు. వివాదంలో ఉంది అనేసింది. ఎవరెట్టినా అదే అంటాది."

వెనక్కి తిరిగాను. గుమ్మం దాకా వెళ్లాక అతనే మళ్లీ పిలిచాడు.

"ఒక్క మాట మేడం. ఆ ముగ్గురిలో ఒకరు అసలు ప్రిన్సిపాలే కదా? కోర్టు ఆ మాట చెప్పింది. ఎవరన్నదే చెప్పలేదు. ముగ్గురూ ఒకేసారి చేతులెట్టేసినారనుకోండి, అసలాయన చెయ్యి అందులో ఉన్నట్టే. పలక ఒప్పుకుంటాది. నేనూ ఒప్పుకుంటాను."

నాకు ఆ మనిషి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పరుగులాంటి నడకతో కాలేజీకి వచ్చాను.

గురువారం

అంత సంబరపడాల్సింది కాదు.

గెస్ట్ హౌస్‌లో టిఫిన్ వేళ ముగ్గురూ మూడు టేబుళ్ల దగ్గర కూర్చుంటారు. గెస్ట్ హౌస్ డోమ్ కొత్తది, అక్కడ గాలి పోదు, ఇడ్లీలు దూదిలా ఉంటాయి. నేను మధ్యలో నిలబడి, చెప్పాల్సింది ముగ్గురికీ వినబడేలా చెప్పాను.

సోమయాజులు గారు చట్నీ కలుపుకుంటూ, "అబ్బే, అదెలా కుదురుతుందండీ," అన్నారు. "వాళ్ల చేతుల పక్కన నా చెయ్యి పెడితే, వాళ్లకీ హక్కుందని నేను ఒప్పుకున్నట్టే కదా. రేపు కోర్టులో ఆ పలక తాలూకు రికార్డు తీసి నా మొహాన కొడతారు."

"నేను చెప్పాల్సింది ఆయనే చెప్పేశారు," అన్నారు జీవరత్నం మేడం. ఆ ఇద్దరూ ఒక మాట మీదకు రావడం నేను చూడటం అదే మొదటిసారి. "చూడమ్మా సుభాషిణీ, నీ బాధ నాకర్థమవుద్ది. ముందు ఆ వంటమనిషిని మార్చి చూడు."

"వంటమనిషిది కాదు మేడం, గాలిది తప్పు."

"గాలి అయితే మధ్యాన్నం గూడ ఉడక్కూడదు కదా," అన్నారు బాషా గారు. "నేనొకటి చెప్తా వినండి. ముగ్గురితో ఒక కమిటీ వేయండి. రిపోర్టు ఇస్తాం. చెయ్యి మాత్రం పెట్టేది లేదు."

"కమిటీకి అధ్యక్షులెవరు?" అని సోమయాజులు గారు అడిగారు. ఆ ప్రశ్న మీద మధ్యాహ్నం భోజనాల వరకూ వాదించుకున్నారు. నేను క్లాసుకు వెళ్లిపోయాను.

శుక్రవారం

తెల్లవారుతుండగా హాస్టల్ డోమ్‌లో సైరన్ మోగింది. ఒత్తిడి బాగా పడిపోతే మెస్ తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. వంట కోసం ముందే లేచిన సన్యాసమ్మ, సాయం చేస్తున్న ఇద్దరు పిల్లలు లోపల ఉండిపోయారు. మేం వెళ్లేసరికి తలుపు గాజులోంచి ముగ్గురూ కనిపిస్తున్నారు. సన్యాసమ్మ ఆ పిల్లలిద్దరినీ తన కొంగు కిందకి తీసుకుని నేల మీద కూర్చుంది. పొయ్యి మీద ఎసరు తెగ మరుగుతూనే ఉంది.

ఫిట్టర్ బయటి సూట్ వేసుకుని వెళ్లి రింగు మీద టేపు వేశాడు. ఎండ ఎక్కింది. తలుపులు తెరుచుకున్నాయి. ప్రాణాలు పోలేదు. ఆ ఇద్దరు పిల్లల్లో ఫైనలియర్ నీలవేణికి మాత్రం ఒక చెవిలోంచి రక్తం కారింది. తవిటినాయుడి మేనగోడలు ఆ అమ్మాయే.

దూది పెడుతుంటే నన్ను అడిగింది. "మేడం, రింగు మార్చడానికి ప్రిన్సిపాల్ ఎందుకు మేడం? ఫిట్టర్ కదా కావాలి."

దూది పెట్టడం ముగించాను. ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవకూడదని బయటికొచ్చి, ఆఫీసు గదిలో ప్రిన్సిపాల్ కుర్చీ ఎదుట కూర్చుని ఏడ్చాను. ఆ కుర్చీ వెనక గోడకు మా కాలేజీలో పనిచేసిన ప్రిన్సిపాళ్ల పేర్ల బోర్డు ఉంటుంది. మొదట్లో ఒక్కొక్కరు పదేళ్లు, పన్నెండేళ్లు ఉన్నారు. ఈ డోమ్‌లు కట్టించింది వాళ్లే. కింద వరసల్లో వచ్చిన తేదీ, పోయిన తేదీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఉన్నాయి. బోర్డులో ఇక చోటు లేదు. ఎఫ్‌ఏసీల పేర్లు అందులో రాయరు.

ఈ సంగతి గెస్ట్ హౌస్‌కి వెళ్లి చెప్పాను. ముగ్గురూ నిజంగానే బాధపడ్డారు. జీవరత్నం మేడం నీలవేణి కోసం ప్రార్థన చేశారు. సోమయాజులు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. చేతులు పెడతారా అని అడిగితే, "న్యాయవాదిని కనుక్కోవాలి" అన్నారు. ముగ్గురికీ ముగ్గురు న్యాయవాదులు. ముగ్గురూ భూమ్మీదే ఉన్నారు.

నాకు ఈ మనుషుల మీద అప్పటివరకూ ఉన్న మర్యాద అక్కడితో అయిపోయింది.

శనివారం

గదుల కేటాయింపు నిత్య వ్యవహారం. అది నా చేతిలో ఉంది. ఆ మాట పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది.

పది గంటలకల్లా ఉత్తర్వు టైపు చేసి సంతకం పెట్టాను. ఇక్కడ అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను:

"పరిపాలనా కారణాల రీత్యా, కళాశాల ప్రిన్సిపాల్ వారి అధికారిక నివాసం తక్షణం హాస్టల్ డోమ్‌లోకి మార్చబడినది. ఈ ఉత్తర్వు ప్రిన్సిపాల్‌కు మాత్రమే వర్తిస్తుంది. ప్రిన్సిపాల్ కానివారు గెస్ట్ హౌస్‌లోనే కొనసాగవచ్చును. హాస్టల్ విద్యార్థినులు గెస్ట్ హౌస్‌లో ఖాళీ అయిన భాగంలోకి మారవలెను."

గెస్ట్ హౌస్ నోటీసు బోర్డుకి నేనే పిన్నులు గుచ్చాను. ముగ్గురూ వచ్చి చదివారు. మొదటి వాక్యానికి ముగ్గురికీ కోపం వచ్చింది. మూడో వాక్యం దగ్గర ముగ్గురూ ఆగిపోయారు.

"ఇది దౌర్జన్యం సుభాషిణి గారూ," అన్నారు సోమయాజులు గారు.

"మీరు ఇక్కడే ఉండొచ్చు సార్. అందులో రాశాను కదా."

ఆయన బోర్డు వంక చూశారు, పక్కనున్న ఇద్దరి వంక చూశారు. గెస్ట్ హౌస్‌లో ఎవరు మిగిలితే వాళ్లు తాము ప్రిన్సిపాల్ కామని ఒప్పుకున్నట్టే. ముందుగా బాషా గారు కదిలారు. "నా సామాన్లు తీస్కపోండి హాస్టల్‌కి. పెద్ద గదిలో పెట్టండి," అని అటెండర్‌కి చెప్పారు. ఆ మాట వినగానే జీవరత్నం మేడం తన సూట్‌కేసు తానే పట్టుకుని నడిచేశారు. సోమయాజులు గారు ఆఖరున, పూజ సామాను విడిగా సర్దుకుని వెళ్లారు. హాస్టల్లో పెద్ద గది నాదంటే నాదని కాసేపు గొడవ పడ్డారు. పిల్లలు పక్కబట్టలు చంకన పెట్టుకుని, ఎదురొచ్చిన ముగ్గురికీ నమస్కారం పెట్టి, గెస్ట్ హౌస్‌లోకి వెళ్లిపోయారు.

నేను రాక్షసిని కాను. ప్రతి మంచం పక్కనా ఆక్సిజన్ మాస్కు పెట్టించాను. ఫిట్టర్ని సూట్‌తో సహా గుమ్మం దగ్గరే ఉంచాను. నా పరుపు తెచ్చుకుని రింగు పక్కనున్న వరండాలో వేసుకున్నాను.

ఆదివారం

ఎప్పటిలాగే తెల్లవారుజామున చలి ముదిరింది, రింగు మీద వేసిన టేపు పట్టు వదిలింది. ముందు నా చెవులు పట్టేశాయి. తర్వాత లోపల గదుల్లోంచి దగ్గులు మొదలయ్యాయి.

బాషా గారు దుప్పటి కప్పుకుని బయటికొచ్చి, "మేడం, చెవుల్లో ఏమన్నా దూరిందా నాకు?" అని అడిగారు.

"గాలి పోతోంది సార్. రోజూ ఇంతే."

"రోజూ?"

"రోజూ. ఫైల్లో రాశాను."

జీవరత్నం మేడం తలకి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్నారు. సోమయాజులు గారు చిన్న స్టవ్ మీద ఫిల్టర్ కాఫీకి నీళ్లు పెట్టుకున్నారు. నీళ్లు చప్పున మరిగాయి, ఆయన పొడి మీద పోశారు, డికాక్షన్ చిక్కగా దిగలేదు. గ్లాసులో దిగిన లేత రంగు నీళ్లని వెలుగుకి పెట్టి చూశారు. అన్నం పలుకు సంగతి నేను ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో, ఎన్ని నోట్లు పెట్టానో. ఏదీ పనిచేయలేదు. కాఫీ పనిచేసింది.

"పిల్లలు దీంట్లోనే ఉన్నారా ఇన్నాళ్లూ?" అని అడిగారు.

"ఇందులోనే ఉన్నారు."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. సైరన్ మొదలైంది. నేను మాస్కులు అందించాను. ముగ్గురూ మాస్కులతో ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు, విడివిడిగా కూర్చోవడానికి అక్కడ మూడు బెంచీలు లేవు.

ఎండ ఎక్కగానే నలుగురం స్టోర్స్‌కి నడిచాం. ఆదివారమైనా తవిటినాయుడు, మేనగోడలి చెవి సంగతి విని, కౌంటర్ తెరిచి కూర్చున్నాడు. పలక ముందు మళ్లీ ఒక తగువు. ముందు ఎవరి చెయ్యి? సీనియారిటీ ప్రకారమా, దిగిన వరుసా?

"ఒకేసారి పెట్టండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "లేదంటే ఈ రాత్రి కూడా అక్కడే పడుకుందాం."

మూడు చేతులు ఒకేసారి పడ్డాయి. పలక వెలిగింది. తర్వాత తలుపు తెరుచుకుంది.

మరుసటి నెల, సోమవారం

కొత్త రింగు వేశారు. మూడు రోజుల పని. ప్రిన్సిపాల్ వారి నివాసాన్ని గెస్ట్ హౌస్‌కి, పిల్లల్ని హాస్టల్‌కి తిరిగి మార్చాను. హాస్టల్లో పొద్దున అన్నం ఉడుకుతోంది. సన్యాసమ్మ మొదటి రోజు ముద్ద చేసి నాకు తెచ్చి, "సూడండి," అంది. నీలవేణికి ఆ చెవి సరిగ్గా వినబడదని డాక్టరు తేల్చాడు. క్లాసులో ఇప్పుడు నా కుడిపక్కకి వచ్చి కూర్చుంటోంది. ఆ అమ్మాయిని చూసినప్పుడల్లా ఆ ఉత్తర్వు నాకు ఒక వారం ముందు ఎందుకు తట్టలేదా అనిపిస్తుంది.

ముగ్గురు ప్రిన్సిపాళ్లూ ఆ పలక రికార్డు తీయించి, తామే ప్రిన్సిపాల్‌గా పనిచేశామనడానికి సాక్ష్యంగా కోర్టులో వేశారు. కేసు ఇంకో ఏడాది సాగుతుందని విన్నాను.

కమిషనరేట్ నుంచి నాకు మెమో వచ్చింది. ప్రిన్సిపాల్ వారి నివాసాన్ని అనుమతి లేకుండా మార్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట. అంటే నివేదికలు ఎవరో చదువుతున్నారన్నమాట. చదివి, రింగు గురించి ఒక్క ముక్క అడగలేదు. సంజాయిషీ రాసి పంపాను. అది ఎవరైనా తెరిచేసరికి ఆ మెమో ఇచ్చినాయన ఆ సీట్లో ఉండడు.

ఇంకో కబురు కూడా వచ్చింది. యోగ్యత ఎనిమిది నెలల కిందటే నాలుగో ప్రిన్సిపాల్‌ని ఎంపిక చేసి పంపిందట. ఓడ వచ్చే వారం దిగుతుంది. పేరు పట్టాభిరాం. ఈసారి దేనికి మార్కులు వేశారో ఉత్తర్వులో రాయలేదు. గెస్ట్ హౌస్‌లో తూర్పు వైపు గది కావాలని ఆయన దారిలోంచే సందేశం పెట్టారు. ఆయన్ని తీసేసిన ఉత్తర్వు నిన్న మధ్యాహ్నం నా టేబుల్ మీదకొచ్చింది. దిగాక చూపిస్తాను. ఆయనా స్టే తెచ్చుకుంటారు.

తవిటినాయుడు ఫోన్ చేసి, "ఇకమీదట నాలుగు చేతులు కావాల మేడం," అన్నాడు. తెలుసన్నాను.

కెమిస్ట్రీ ల్యాబ్ డోమ్ రింగు కూడా అదే వయసుది. నిన్న పొద్దున అక్కడ బర్నర్ మీద నీళ్లు తొందరగా మరిగాయి. ప్రిన్సిపాల్ వారి అధికారిక నివాసాన్ని ల్యాబ్ డోమ్‌కి మారుస్తూ ఇవాళ ఉత్తర్వు ఇచ్చాను. ప్రిన్సిపాల్ కానివారు ఎక్కడైనా ఉండవచ్చునని అందులో మర్చిపోకుండా రాశాను. సాయంత్రానికి ముగ్గురి సామాన్లూ అక్కడికి చేరాయి.

ల్యాబ్‌లో బల్లలు పక్కకి జరిపించి, రింగుకి ఆనించి నాలుగు మంచాలు వేయించాను. ఐదోది నాది.